పన్నెండులోపు తూనీగ రావాలి

మా మామగారు నోరు జారడం నేను రెండుసార్లే చూశాను. మొదటిసారి, నాకు పిల్లనిస్తానన్నప్పుడు. రెండోసారి, ఆ మంగళవారం ఉదయం పదిన్నరకి, మా రాళ్ల షెడ్డు ముందు, నలుగురి ఎదుట.

"పన్నెండులోపు ఈ పలక మీద తూనీగ తోక ముంచకపోతే పనిముట్లు కింద పెట్టేస్తా. మళ్లీ జన్మలో రాయి ముట్టను."

మొదటి మాట వెనక్కి తీసుకోవడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. రెండో మాట వెనక్కి తీసుకోవడానికి ఆయనే ఒప్పుకోడు. డెబ్భై ఏళ్ల మనిషి, అన్న మాట మీద నిలబడి నిలబడి ఎవరు చెప్పినా వినని స్థితికి చేరుకున్నాడు.

అసలు రాయికీ తూనీగకీ సంబంధం ఏమిటంటారా?

మా మామగారిని ఊళ్లో అద్దం మేస్త్రి అంటారు. నల్లరాతి పలకల్ని నునుపు చేయడం ఆయన పని. మొదటి నాలుగు సానలూ యంత్రం పడుతుంది. చివరి సాన మాత్రం చేత్తోనే. ఉన్నిగుడ్డ చుట్టిన చెక్క దిమ్మ, తడిపిన పాలిష్ పొడి, మోచేతి బలం. ఆయన వదిలిన పలక మీదకి వంగి చూస్తే, పొద్దున గడ్డం గీసుకుంటూ మీరు వదిలేసిన వెంట్రుక కూడా కనిపిస్తుంది.

షెడ్డు వెనకే వాగు. ఎండెక్కాక వాగు మీది తూనీగలు ముందు వైపుకి వస్తాయి. ఆరుబయట పరిచిన పలకల మీద ఆడ తూనీగ ఎగురుతూనే తోక కొసతో టక్, టక్, టక్‌మని తాకుతూ పోతుంది, నీళ్లలో గుడ్లు వదులుతున్నట్టు. మగది పైన గిరికీలు కొడుతూ కాపలా కాస్తుంది. తోక తగిలిందా, మా మామగారు చేతులు దులుపుకుని "అయింది" అంటారు. ముప్పై రెండేళ్లుగా తూనీగ తాకని పలక మా గేటు దాటలేదు.

"మనిషి కంటికి మొహమాటం ఉంటుంది అల్లుడూ. తూనీగకి ఉండదు. అది చూసి నీళ్లనుకుందంటే ఇక రుద్దడానికేం మిగల్లేదని" అని ఆయన సిద్ధాంతం. కొనేవాళ్లకీ అది నచ్చింది. "తూనీగ తాకిందా మేస్త్రీ?" అని అడిగాకే లారీ పంపేవాళ్లు.

ఆ మంగళవారం తేలాల్సింది మామూలు పలక కాదు. అగ్నిమాపక కేంద్రం గేటు పక్కన నిలబెట్టే స్మారక శిల. పన్నెండు అడుగుల పొడవు. మంటల్లోకి వెళ్లి తిరిగిరాని పదకొండు మంది పేర్లు దాని మీద చెక్కుతారు. పలకలిచ్చిన వాళ్లలో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు మేము. రెండోవాడు జిగేల్.

వాడి అసలు పేరు వాడికే గుర్తుండి ఉండదు. వాడి బెల్టు, బూట్లు, పళ్లు, రాళ్లు అన్నీ జిగేల్‌మంటాయి. మా మామగారి దగ్గరే ఎనిమిదేళ్లు పని నేర్చుకుని, ఊరి అవతల పెద్ద ఫ్యాక్టరీ పెట్టాడు. గురువుగారూ అని పిలవందే మాట మొదలుపెట్టడు, గురువుగారికి గొయ్యి తవ్వందే పూర్తి చేయడు.

పలకని ఎంపిక చేసేది ఇంజనీరు. ఆయనతో పాటు ఒక పెద్దావిడ వచ్చింది. ఆ పదకొండు పేర్లలో నాలుగోది ఆవిడ భర్తది. "రాయి నచ్చాల్సింది నాకు కాదండీ, ఈవిడకి" అన్నాడు ఇంజనీరు, తన నల్లకారు మా గేటు పక్కన ఆపి దిగుతూనే.

గేటు దగ్గర పెట్టినట్టే నిలబెట్టి చూపించమని ఆయన ముందే కబురు పంపాడు. సోమవారమంతా నేను చైన్ పుల్లీతో దాన్ని లేపి, వెనక ఇనుప చట్రం ఆనించి నిలబెట్టాను. మోయడానికి ఇల్లరికపు అల్లుడుంటే కూలీలెందుకు? జిగేల్ మాత్రం తన పలకని లారీలో గడ్డి పరిచి, పడుకోబెట్టే తెచ్చాడు. "దింపితే అంచులు చిట్లుతాయి సార్, పైకెక్కి చూడండి" అన్నాడు.

ఇంజనీరు మా పలక చుట్టూ తిరిగాడు. పెద్దావిడ దాంట్లో తన ముఖం చూసుకుని పైట సర్దుకుంది. అంతా సవ్యంగా పోతోంది అనుకునేలోపు జిగేల్ గొంతు సవరించుకున్నాడు.

"గురువుగారంటే నాకు ప్రాణం సార్. కానీ డెబ్భై ఏళ్ల చేతులు. ఇంత నలుపు ఆ చేతులు తీసుకురాలేవు. ఇది రాతి నలుపు కాదు, సీసా నలుపు. రంగు రుద్దారు."

రాయి పనిలో ఇంతకు మించిన తిట్టు లేదు. నాసిరకం బూడిదరంగు రాయికి నల్లరంగు పట్టిస్తే కొత్తలో కాటుకలా ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచాక తెల్లబడిపోతుంది. అప్పుడు దాని మీది పేర్లు చదవాలంటే తడిమి చూడాల్సిందే.

మా మామగారి మెడనరాలు ఉబ్బాయి. అప్పుడే ఆ మాట అనేశారు. తూనీగ, పన్నెండు, పనిముట్లు.

"అంత మాటెందుకు గురువుగారూ?" అన్నాడు జిగేల్, పళ్లన్నీ బయటపెట్టి. "సరే, మీ ఇష్టం. సార్, కూర్చుని చూద్దామా?"

పదకొండయింది. ఎండ చురుక్కుమంటోంది. తూనీగలు వచ్చాయి, పసుపు రంగువి, జంటలు జంటలుగా. మా పలక ముందు నుంచే వెళ్లాయి. ముందు నుంచే తిరిగొచ్చాయి. గోడ పక్కన పోతున్నట్టు పోయాయే తప్ప ఒక్కటీ దానివైపు చూడలేదు.

పదకొండూ అయిదుకి ఒక ఆడ తూనీగ లారీ మీదికి దిగింది. జిగేల్ పలక మీద టక్, టక్, టక్.

"గురువుగారూ, మీ తూనీగ అడ్రసు మార్చినట్టుంది!"

లారీ డ్రైవరు నవ్వాడు. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. మా మామగారు కుర్చీలో కూర్చునే ఉన్నారు గానీ, చేతులు ఒడిలోకి వచ్చేశాయి. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆయన దగ్గర ఆ పని తీసేస్తే మిగిలేది ఒక కుర్చీ, ఒక మనిషి. అంతే.

నేను షెడ్డులోకి పరిగెత్తాను.

మా ఆవిడ లోపల ఇంకో పలక మీద చివరి సాన పడుతోంది. ఈ షెడ్డులో రెండో చెయ్యి ఆమెదే. మొదటి చెయ్యి కూడా ఆమెదేనని నా అభిప్రాయం. పైకి అంటే కూడు పుట్టదని ఊరుకున్నాను. తూనీగల గురించి ఈ ఊళ్లో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు. పెరట్లో ఆమెకో సిమెంటు తొట్టి ఉంది. పెళ్లయిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే లేపి తీసుకెళ్లి చూపించింది. మట్టిరంగు పురుగొకటి నీళ్లలోంచి కర్రపుల్ల ఎక్కి, వీపు చీల్చుకుని, తన చర్మంలోంచి తనే బయటికొచ్చింది. నలిగిన కాగితాల్లాంటి రెక్కలు గంటలో గాజురేకుల్లా బిగుసుకున్నాయి.

"ఏడాది పాటు నీళ్లలోనే ఉంది ఇది," అంది అప్పుడు. "దోమ పిల్లల్ని, తోకకప్పల్ని తింటూ. కింది పెదవిని చెయ్యిలా చాచి పట్టుకుంటుంది. గాల్లో ఎగిరేది నాలుగు వారాలు. మనం చూసేది ఆ నాలుగు వారాలే."

కొత్త పెళ్లికొడుక్కి పురుగుల పెదవుల గురించి చెప్పే భార్య దొరకడం అదృష్టమో కాదో అప్పుడు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు తేల్చుకున్నాను.

జరిగిందంతా చెప్పాను. ఆమె దిమ్మ పక్కనపెట్టి, గుమ్మం దగ్గరికొచ్చి, అర నిమిషం బయటికి చూసింది.

"నిలబెట్టారు కదా! ఎలా వస్తుంది?" అంది.

"అంటే?"

"తూనీగ వెతికేది నునుపు కాదండీ, నీళ్లు. పడుకుని మెరిసే నల్లటిది ఏది కనిపించినా నీళ్లే అనుకుంటుంది. గోడలా నిలబడ్డ చెరువుని ఏ తూనీగైనా చూసిందా?"

ముప్పై రెండేళ్లుగా మా షెడ్డులో ప్రతి పలకా దిమ్మెల మీద పడుకునే ఉంది. అందుకే ప్రతిదాని మీదా తూనీగ వాలింది. మా మామగారు దాన్ని తన పనితనానికి ముద్ర అనుకున్నారు. నిలబెట్టి చూసే అవసరమే ఎప్పుడూ రాలేదు.

"అయితే ఇంకేం!" అన్నాను. "టైము పదకొండుంపావు. పుల్లీ వేసి నలభై నిమిషాల్లో పడుకోబెడతాను. తూనీగ వస్తుంది, మావయ్య గెలుస్తాడు."

"గెలుస్తాడు. లారీ మీది రాయి కూడా గెలిచింది కదా? అప్పుడు రెండూ సమానమే అవుతాయి. రంగు మాట అలాగే ఉండిపోతుంది. వాడిది నిజంగానే రంగురాయని నా అనుమానం. ఆ పదకొండు పేర్లు దాని మీదికెళ్తే?"

"మరి ఏం చేద్దాం?"

ఆమె తండ్రి కుర్చీ వైపు చూసింది. నాకు అర్థమైంది. రాయిని కాపాడాలంటే తూనీగ పరీక్ష ఉత్తదని చెప్పాలి. తండ్రి ముప్పై రెండేళ్ల గొప్పని, అందరి ముందు, కన్నకూతురే ఉత్తదనాలి.

"నేను చెప్పనా?" అన్నాను.

"మీరు చెబితే నాన్న మిమ్మల్ని తంతాడు. నేను చెబితే కనీసం వింటాడు."

చేతులు కడుక్కుని బయటికి నడిచింది. పొడి అంటిన నూలుచీర, తలకి తువ్వాలు. జిగేల్ చేతులు జోడించాడు.

"బాగున్నావా చెల్లెమ్మా? నాన్నగారికి కాస్త మజ్జిగ ఇవ్వు. ఎండకి నీరసించారు."

"నీ లారీకి ఇస్తాలే అన్నయ్యా, అది కూడా పొద్దుట్నుంచి ఎండలోనే ఉంది," అని ఇంజనీరు వైపు తిరిగింది. "సార్, మీ కారు ఎవరు పాలిష్ చేశారు?"

ఇంజనీరుకి ఏమీ అర్థం కాలేదు. "షోరూములో ఎలా ఇచ్చారో అలాగే ఉందమ్మా. ఏం?"

"ఒక్కసారి దాని పైకప్పు చూడండి."

అందరూ చూశారు. నల్లకారు ఎండలో నిగనిగలాడుతోంది. రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. జిగేల్ ఏదో జోకు వేయబోయాడు. అంతలో వాగు వైపు నుంచి ఒక జంట వచ్చింది. మగది పైన ఆగింది. ఆడది దిగి కారు కప్పు మీద టక్, టక్, టక్.

పెద్దావిడ ముందు నవ్వింది. తర్వాత ఎవరి మొహం చూడాలో తెలియక తల దించుకుంది.

"తూనీగకి కారూ నీళ్లే, రాయీ నీళ్లే," అంది మా ఆవిడ. "పడుకుని, నల్లగా మెరిస్తే చాలు. మా పలక నిలబడి ఉంది, అందుకే రాలేదు. రావడం గొప్పా కాదు, రాకపోవడం తప్పూ కాదు. పాపం, అది మోసపోతోంది, అంతే. ఆ వేడికి ఒక్క గుడ్డూ బతకదు."

మా మామగారు కుర్చీలోంచి లేచారు. మెల్లగా కారు దగ్గరికి నడిచి వెళ్లి, వంగి, కప్పు మీద తడి చుక్కల్ని వేలితో ముట్టి చూసుకున్నారు.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"నాకు పదేళ్లున్నప్పటి నుంచి నాన్నా. బడి పక్కన నల్లకారు ఒకటి ఆగేది."

"చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది? నువ్వెప్పుడైనా తూనీగని చూసి పని ఆపావా? అది తాకి వెళ్లాక, 'అయింది' అన్నాక కూడా, ఎవరూ చూడకుండా మూలలు ఇంకో పూట రుద్దేవాడివి. నేను చూసేదాన్ని. పని నేర్చుకుంది ఆ పూటలోనే."

మా మామగారు కాస్త నిటారుగా నిలబడ్డారు. అది మాత్రం నేను గమనించాను.

మా ఆవిడ అప్పటికే జిగేల్ వైపు తిరిగింది. "అన్నయ్యా, ఎనిమిదేళ్లు ఇక్కడ ఉన్నావు. తూనీగ వచ్చేది పడుకున్న పలకల మీదికేనని నీకు తెలియదా? మరి మా పలకే నిలబడి ఉండటం, నీది పడుకుని రావడం ఎలా కుదిరింది?"

ఇంజనీరు కళ్లజోడు తీశాడు. "నిలబెట్టి చూడమని నాకు సలహా ఇచ్చింది మీరే కదండీ?" అన్నాడు జిగేల్‌తో.

"అది... గేటు దగ్గర ఎలా ఉంటుందో తెలుస్తుందని సార్! అయినా తూనీగల గోల మనకెందుకు? రంగు సంగతి తేల్చమనండి!"

"అదే తేల్చేద్దాం," అంది మా ఆవిడ. "ఏమండీ, అసిటోన్ సీసా!"

జిగురు మరకలు తుడవడానికి వాడే సీసా అది. షెడ్డులోకి నా అంత వేగంగా ఇంకెవరూ పరిగెత్తి ఉండరు. ఆమె సీసాని జిగేల్‌కీ ఇవ్వలేదు, తనూ ఉంచుకోలేదు. పెద్దావిడ చేతిలో పెట్టింది.

"మీ దగ్గర తెల్లటి గుడ్డ ఏదైనా ఉందాండీ? మా గుడ్డ అయితే మళ్లీ మా మీద అనుమానం వస్తుంది. దాని మీద కొంచెం పోసి గట్టిగా రుద్దండి. ముందు మాదే. రంగైతే గుడ్డకి వచ్చేస్తుంది."

పెద్దావిడ చేతిసంచీలోంచి మడతపెట్టిన చేతిరుమాలు తీసింది. మా పలకని రుద్దింది. ఒక చోట కాదు, మూడు చోట్ల. వంటగిన్నె తోమినట్టు, ఊపిరి బిగబట్టి. రుమాలు తిప్పి చూపించింది. కాస్త దుమ్ము. అంతే. తెల్లగా ఉంది.

తర్వాత లారీ ఎక్కించమంది. నేను చెయ్యి అందించాను. జిగేల్ అడ్డొచ్చాడు. "అమ్మా, పైన ఎండ, మీకెందుకు శ్రమ..."

"మా ఆయన అయిదో అంతస్తు ఎక్కాడు బాబూ," అంది. "నేను లారీ ఎక్కలేనా?"

రుమాలు రెండో వైపు తిప్పి, రెండుసార్లు రుద్దింది. మూడోసారి అవసరం రాలేదు. గుడ్డంతా మసి. పలక మీద ఆమె చెయ్యి తిరిగిన మేర బూడిదరంగు మచ్చ.

"దీని మీద ఆయన పేరు రాస్తే ఎన్నాళ్లుంటుందమ్మా?"

"పేరు ఉంటుందండీ," అంది మా ఆవిడ. "చదవడానికే కుదరదు."

లారీ వెళ్లిపోయింది. జిగేల్ వెళ్తూ గురువుగారూ అనలేదు. ఎనిమిదేళ్ల శిష్యరికంలోనూ ఆ తర్వాతా అదే మొదటిసారి. ఇంజనీరు కాగితం తీసి కారు మీద పెట్టి సంతకం చేస్తుండగా బట్టలమిల్లు సైరను మోగింది. పన్నెండు.

"మీ రాయే ఖాయం మేస్త్రిగారూ."

"రాయి ఖాయం," అన్నారు మా మామగారు. "నా మాట కూడా ఖాయమే. పన్నెండయింది. తూనీగ రాలేదు."

అందరం ఒక్కసారే మాట్లాడాం. పరీక్షే తప్పని తేలిందిగా అన్నాను. ఇంజనీరు కూడా అదే అన్నాడు. పెద్దావిడ బతిమాలింది. మా ఆవిడ మాత్రం అసిటోన్ సీసాకి మూత బిగించింది. తండ్రి సంగతి ఆమెకి తెలుసు.

"పరీక్ష తప్పు. నేనన్న మాట తప్పు కాదు," అని ఆయన షెడ్డులోకి వెళ్లి తన చెక్క దిమ్మ తెచ్చారు. ముప్పై రెండేళ్ల పట్టుకి దాని మీద నాలుగు వేళ్ల గుంటలు పడ్డాయి. "కింద పెడతానన్నాను. ఎక్కడ పెడతానో చెప్పలేదు."

మా ఆవిడ అరచేయి పట్టుకుని, దిమ్మ అందులో పెట్టారు.

"ఇక ఈ గేటు దాటే రాయికి తూనీగ సరే అనక్కర్లేదు. నువ్వు అంటే చాలు. నాకు నచ్చే మాట చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. నిజం చెప్పే ధైర్యం ఉన్నది నువ్వొక్కదానివే."

మా ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దిమ్మ తిప్పి చూసి, "ఉన్నిగుడ్డ మార్చాలి" అంది.

మర్నాటి నుంచి షెడ్డులో కొత్త ఆజ్ఞలు. ఎండెక్కగానే బయటున్న పలకలన్నిటి మీదా తడి గోనెపట్టాలు కప్పాలి. తూనీగలు గుడ్లు పోగొట్టుకోకూడదట. వాగు ఒడ్డున తుంగ ఒక్క కాడ కూడా కోయకూడదు, పురుగులు ఎక్కి రెక్కలు ఆరబెట్టుకోవాలట. ఆ గోనెపట్టాలు తడిపేది ఎవరో వేరే చెప్పాలా?

వారం తిరక్కుండానే అసలు గొడవ వచ్చింది. మా మామగారు శపథానికి ముందు పూర్తి చేసిన ఆఖరి పలక ఒకటి లారీ ఎక్కడానికి సిద్ధంగా ఉంది. మా ఆవిడ దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెంప ఆనించి, వెలుతురుకి అడ్డంగా చూసింది.

"ఇది వెళ్లదు. ఎడమ మూల మళ్లీ చెయ్యాలి."

"ఏంటీ?" కుర్చీ వెనక్కి పడింది. "తూనీగ తాకిందే దాన్ని!"

"తూనీగ తాకింది. నేను తాకలేదు."

"ఆ మూల నేను రెండు పూటలు రుద్దాను!"

"మూడో పూట నేను రుద్దుతాను. నువ్వు కూర్చో నాన్నా."

ఆయన కూర్చోలేదు. పలక దగ్గరికెళ్లి ఆ మూల మీదికి వంగి చూసి, చెప్పులేసుకుని గేటు దాటి వెళ్లిపోయారు. కోపం వచ్చిందేమోనని నేను వెనకాలే పరిగెత్తాను. టీ కొట్టు దగ్గర దొరికారు. బెంచీ మీద నలుగురు, మధ్యలో ఆయన, చేతులు గాల్లో.

"ముప్పై రెండేళ్లు! నా పలకకి వంక పెట్టిన మొనగాడు ఈ చుట్టుపక్కల పుట్టలేదు. ఇవాళ నా కూతురు వెనక్కి పంపింది! ఎడమ మూల! వంగి చూశానుగా, నిజమే, గోరంత మసక పొర ఉంది. రుద్దినప్పుడు నా కంటికి ఆనలేదు, దానికి ఆనింది!"

"నీ రాయిని నీ కూతురే వద్దంటే అదేం గొప్ప మేస్త్రీ?" అన్నాడు టీ కొట్టాయన.

"రాయి గురించి నీకేం తెలుసు? టీ పోయ్," అన్నారు మా మామగారు. "నలుగురికీ పోయ్. అల్లుడూ, నువ్వూ రా, కూర్చో. వీళ్లకి నువ్వు కూడా చెప్పు, ఏ మూలో."